హసన్‌పర్తిలో పన్నెండు మంది పెద్దవాళ్లతో హోమ్ పెట్టాలంటే ఏయే రిజిస్ట్రేషన్లు కావాలి?

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. గల్ఫ్‌లో పదకొండేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి తిరిగొచ్చారు. హసన్‌పర్తి దగ్గర మీ మామయ్యగారి రెండంతస్తుల ఇల్లు ఖాళీగా ఉంది. అందులో పన్నెండు మంది పెద్దవాళ్లను ఉంచుకుని స్నానం, మందులు, తిండి అన్నీ దగ్గరుండి చూసుకునే అసిస్టెడ్ లివింగ్ హోమ్ పెట్టాలనుకుంటున్నారు. మనిషికి నెలకు 22 వేలు అనుకున్నారు. ఇప్పటికే అడిగినవాళ్లలో ఇద్దరికి మతిమరుపు జబ్బు ఉంది. "షాపుల లైసెన్స్ ఒకటి తీసుకుంటే చాలు, మిగతావి తర్వాత చూసుకోవచ్చు" అని ఎవరో చెప్పారట. అది నిజమేనా అని అడిగారు.

నిజం కాదు. షాపుల చట్టం కింద నమోదు చేయించుకుంటే మీ దగ్గర పనిచేసేవాళ్ల సంగతి లేబర్ ఆఫీసుకు తెలుస్తుంది, అంతే. పెద్దవాళ్లను ఉంచుకోవచ్చని ఆ కాగితం ఎక్కడా చెప్పదు.

నేను, మా ఆయన హనుమకొండ శివార్లలో పదహారేళ్లుగా హోమ్ నడుపుతున్నాం. ఇప్పుడు మా దగ్గర ముప్పై ఒక్క మంది ఉన్నారు. కాజీపేటలో రైల్వేలో చేసి రిటైరైనవాళ్లు, టీచర్లు, పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు, పిల్లలే లేనివాళ్లు. కాగితాల విషయంలో మేం చేసిన తప్పులు కూడా ఇందులో రాస్తాను, మీరు అవి చేయకూడదని.

ముందుగా ఒక సంగతి. మన దగ్గర అసిస్టెడ్ లివింగ్ అనే పేరుతో విడిగా లైసెన్స్ ఇచ్చే చట్టం లేదు. అందుకే ఈ పని నాలుగైదు చట్టాల మధ్య పడుతుంది. బోర్డు మీద మీరు వృద్ధాశ్రమం అని రాసుకున్నా, సీనియర్ లివింగ్ అని రాసుకున్నా ఒకటే. లోపల ఎవరున్నారు, వాళ్లకు మీరేం చేస్తున్నారు అన్నదాన్ని బట్టే ఏ అనుమతి కావాలో తేలుతుంది. కాబట్టి ఏ ఆఫీసుకూ వెళ్లకముందు ఒక నోటుపుస్తకం తీసుకోండి. పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా మీ హోమ్‌లో ఏం జరుగుతుందో రాయండి. ఎవరికి స్నానం చేయిస్తారు, ఎవరికి ఇన్సులిన్ ఇస్తారు, ఎవరికి ముక్కు గొట్టం ద్వారా ఆహారం పడుతుంది, రాత్రి లేచి తిరిగేవాళ్లెవరు. ఆ నాలుగు పేజీలు ఏ ఆఫీసులో చూపించినా "మీకు ఇది కావాలి, ఇది అక్కర్లేదు" అని సూటిగా చెబుతారు. అవి లేకుండా వెళ్తే ఒక్కో టేబుల్ దగ్గర ఒక్కో మాట వింటారు.

అసలు చట్టం 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. అరవై దాటినవాళ్లందరికీ వర్తిస్తుంది. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, నూట యాభై మంది నిరుపేద వృద్ధులు ఉండేలా ప్రభుత్వమే ఆశ్రమాలు పెట్టవచ్చని అందులో 19వ సెక్షన్ చెబుతుంది. ప్రైవేటు హోమ్‌లను చూసుకునేది కూడా ఈ చట్టాన్ని అమలు చేసే శాఖే, అంటే వికలాంగులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ. జిల్లాలో మీరు కలవాల్సింది జిల్లా సంక్షేమ అధికారిని. అందరూ డీడబ్ల్యూఓ అంటారు. హసన్‌పర్తి హనుమకొండ జిల్లా కిందికి వస్తుంది కాబట్టి మీరు వెళ్లాల్సింది హనుమకొండ కలెక్టరేట్‌కే. 2021లో జిల్లాల పేర్లు మారాక వరంగల్ ఆఫీసుకు, హనుమకొండ ఆఫీసుకు మధ్య తిరిగి అలసిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంటర్నెట్‌లో వెతికితే సీనియర్ సిటిజన్ కేర్ హోమ్‌లకు తప్పనిసరి రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు, ఇళ్లకు వెళ్లి సేవ చేసే ఏజెన్సీలకు రిజిస్ట్రేషన్ అంటూ చాలా కనిపిస్తాయి. అవన్నీ 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లులోవి. ఆ బిల్లు పాస్ కాలేదు. 2024లో ఆ లోక్‌సభతోపాటే మురిగిపోయింది. దాన్ని చట్టంలా చూపించి "మేం సర్టిఫికెట్ ఇప్పిస్తాం" అని డబ్బులడిగే కన్సల్టెంట్లు ఉన్నారు. వాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. డీడబ్ల్యూఓ ఆఫీసుకు మీరే స్వయంగా వెళ్లి, దరఖాస్తు ఇచ్చి, కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ ముద్ర పడిన కాపీ ఇంట్లో భద్రంగా ఉండాలి.

మేం ఇచ్చిన ఫైల్లో సంస్థ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాన్, ఇంటి అద్దె ఒప్పందం, ఇంటి ప్లాన్, తాగునీటి పరీక్ష రిపోర్టు, సిబ్బంది పేర్లు, వాళ్ల చదువు కాగితాలు, వచ్చి చూసే డాక్టర్ సమ్మతి లేఖ, ఆంబులెన్స్ ఏర్పాటు, గదుల ఫోటోలు ఉన్నాయి. నీటి రిపోర్టును తేలిగ్గా తీసుకోకండి. మన వైపు కొన్ని చోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, ముసలివాళ్ల ఎముకలకు అది అసలే మంచిది కాదు.

సంస్థ ఏ రూపంలో ఉండాలన్నది చాలామంది చివర్లో ఆలోచిస్తారు. దాన్నే మొదట తేల్చుకోండి, ఎందుకంటే పన్ను దాని మీదే ఆధారపడుతుంది. మీ లెక్కే చూద్దాం. పన్నెండు మంది, నెలకు 22 వేలు. ఏడాదికి 31 లక్షల 68 వేలు అవుతుంది. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలు. మీ సొంత పేరు మీద నడిపితే ఆ పరిమితి దాటినట్టే. అదే ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం కింద ధార్మిక సంస్థగా నమోదైతే, అందరూ 12ఏబీ అని పిలిచే ఆ నమోదు ఉంటే, జీఎస్టీ మినహాయింపు ఉంది. దానికి షరతులు మూడు: ఉండేవాళ్లు అరవై, ఆపైన వయసువాళ్లు కావాలి. ఒక్కొక్కరి నుంచి తీసుకునేది నెలకు 25 వేలు దాటకూడదు. ఆ మొత్తంలోనే వసతి, భోజనం, నిర్వహణ అన్నీ కలిసి ఉండాలి. "22 వేలు వసతికి, 6 వేలు అటెండెంట్‌కు విడిగా" అని రెండు బిల్లులు చేస్తే ఆ మినహాయింపు చిక్కుల్లో పడుతుంది. కాబట్టి రేటు ప్రకటించకముందే ఆడిటర్ దగ్గర ఒక గంట కూర్చోండి.

ధార్మిక సంస్థ అంటే సొసైటీ, ట్రస్టు లేదా సెక్షన్ 8 కంపెనీ, అంటే లాభాపేక్ష లేని కంపెనీ. సొసైటీకి 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదవుతుంది. ట్రస్టు డీడ్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేస్తారు. కానీ ఒకటి మనసులో పెట్టుకోండి. ధార్మిక సంస్థ అయ్యాక మిగిలిన డబ్బు మీది కాదు. మీరు జీతం తీసుకోవచ్చు, లాభం పంచుకోకూడదు. ఈ పని మీకు జీవనోపాధి కూడా కావాలనుకుంటే అందులో తప్పేం లేదు, సొంత సంస్థగానే పెట్టి జీఎస్టీ కట్టండి. పన్ను తప్పించుకోవడానికి మాత్రం ట్రస్టు పెట్టకండి. ఆడిట్‌లో అది బయటపడిన రోజు ఇబ్బంది పడేది మంచాల మీద ఉన్నవాళ్లు.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన, మతిమరుపు జబ్బున్న ఆ ఇద్దరి సంగతి. మొత్తం ప్రశ్నలో బరువైనది ఇదే.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే నుంచి అమల్లో ఉంది. అందులో మానసిక అనారోగ్యం అంటే ఏమిటో చెప్పినచోట ఆలోచన, మనఃస్థితి మాత్రమే లేవు. జ్ఞాపకశక్తి, తాను ఎక్కడున్నానో తెలిసే శక్తి బాగా దెబ్బతిని, దైనందిన జీవితం నడుపుకోలేని స్థితి కూడా అందులోకి వస్తుంది. అంటే ముదిరిన డిమెన్షియా, మీరు మతిమరుపు జబ్బు అని రాసింది, అది కూడా. అలాంటివాళ్లను ఉంచుకుని సంరక్షణ ఇచ్చే చోటు, కుటుంబం ఉండే ఇల్లు కానప్పుడు, రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర నమోదు కావాలి. నమోదు లేకుండా నడిపితే మొదటిసారి 5 వేల నుంచి 50 వేల దాకా, మళ్లీ మళ్లీ దొరికితే 5 లక్షల దాకా జరిమానా. డబ్బు సంగతి పక్కన పెట్టండి. అదే చట్టం గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. ఒంటరిగా గదిలో బంధించడాన్ని కూడా నిషేధించింది. తక్షణ ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడు, సైకియాట్రిస్ట్ అనుమతితో, రికార్డులో రాసి, అవసరమైనంత సేపే కదలకుండా పట్టి ఉంచవచ్చు. అంతకుమించి వీల్లేదు.

ఇది నాకు పుస్తకం చదివి తెలియలేదు.

2019లో పెద్దపల్లి వైపు నుంచి ఒక అవ్వను తీసుకొచ్చారు. డెబ్బై ఎనిమిదేళ్లు. పగలంతా కుదురుగా ఉండేది, చిక్కుడుకాయలు ఈనెలు తీసి ఇచ్చేది. పొద్దుగూకితే మాత్రం "ఇంటికి పోవాలె, బర్రెకు గడ్డెయ్యాలె" అని లేచి గేటు దగ్గరికి నడిచేది. ఒక రాత్రి గేటు దాటి లారీలు తిరిగే రోడ్డు మీదికి వెళ్లిపోయింది. ఒక ఆటో అతను చూసి వెనక్కి తీసుకొచ్చాడు. మర్నాడే మా ఆయన ఆమె గది తలుపుకు బయటి వైపు గొళ్లెం బిగించాడు. రాత్రి తొమ్మిదింటికి వేసి పొద్దున ఐదింటికి తీసేవాళ్లం. అది తప్పని మాకు తోచలేదు. ప్రాణం కాపాడుతున్నామనే అనుకున్నాం.

రెండు నెలలకు తనిఖీకి ఒక మేడమ్ వచ్చారు. రిజిస్టర్లు ముందు పెట్టాను, తీసి చూడలేదు. గదులన్నీ తిరిగారు. ఆ తలుపు దగ్గర ఆగి గొళ్లెం మీద చెయ్యి వేసి, "ఇది బయట ఎందుకుందమ్మా?" అని అడిగారు. నేను చెప్పాను. ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుని, "మీరు కూడా లోపలికి రండి" అని పిలిచారు. లోపలి వైపు చెక్క మీద, సరిగ్గా గొళ్లెం ఎత్తుకు, రంగు లేచిపోయి గోళ్ల గీతలు ఉన్నాయి. సన్నగా, ఒకదాని పక్కన ఒకటి. ఆ గది రోజూ ఊడ్పించేదాన్ని నేనే. ఒక్కనాడూ చూడలేదు.

ఆమె నా మీద కేసు పెట్టలేదు. వారం టైమ్ ఇచ్చారు. ఆ సాయంత్రమే గొళ్లెం తీసేశాం. గేటుకు తెరిస్తే మోగే బెల్ పెట్టాం. రాత్రి డ్యూటీకి ఒక మనిషిని పెంచాం. మా ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. సాయంత్రం ఆరింటికి అవ్వను పక్కింటివాళ్ల బర్రె దగ్గరికి తీసుకెళ్లి రెండు కట్టలు గడ్డి వేయించేవాడు. వచ్చి, చేతులు కడుక్కుని, అన్నం తిని పడుకునేది. బతికి ఉన్నన్నాళ్లు అంతే. ఆ తలుపు ఇప్పటికీ ఉంది. రంగు వేయించలేదు. కొత్తగా పనిలో చేరిన ప్రతి అమ్మాయికీ దాన్ని చూపిస్తాను.

2020 జనవరిలో హైదరాబాద్ శివార్లలోని నాగారంలో వృద్ధాశ్రమం పేరుతో నడిచిన ఒక చోట మానసిక రోగులను బంధించి ఉంచారని పోలీసులు వెళ్లి విడిపించిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు. అది చదివిన రోజు నాకు మా గొళ్లెమే గుర్తొచ్చింది.

కాబట్టి మీకు నా సలహా: మొదటి ఏడాది ముదిరిన డిమెన్షియా ఉన్నవాళ్లను తీసుకోకండి. ఆ ఇద్దరినీ వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో గానీ, బయట సైకియాట్రిస్ట్ దగ్గర గానీ చూపించి, ఏ దశలో ఉందో రాయించుకురమ్మని వాళ్ల ఇంట్లోవాళ్లకు చెప్పండి. తాళంచెవులు ఎక్కడ పెట్టారో మరిచిపోవడం వేరు, ఇంటి దారి మరిచిపోవడం వేరు. ముందు ముందు అలాంటివాళ్లనే చూసుకోవాలని మీకు ఉంటే, నర్సుగా మీకు ఆ శక్తి ఉంది, ముందు నమోదు చేయించుకుని, తర్వాత గది ఇవ్వండి.

ఇక ఇల్లు. అది గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ హద్దుల్లో ఉందా, పక్క గ్రామ పంచాయతీలో ఉందా ముందు తేల్చుకోండి. కార్పొరేషన్ అయితే ట్రేడ్ లైసెన్స్, పంచాయతీ అయితే పంచాయతీ అనుమతి. మామయ్యగారి ఇంటికి నివాసం కోసమే పర్మిషన్ తీసుకుని ఉంటారు. జాతీయ భవన నిర్మాణ నియమావళి వృద్ధుల ఆశ్రమాలను నివాస భవనాల్లో కలపలేదు. ఆసుపత్రులు ఉన్న సంస్థాగత వర్గంలో పెట్టింది. కారణం ఒకటే: మంటలు లేస్తే వీళ్లు తమంతట తాము పరుగెత్తలేరు. అందుకే టౌన్ ప్లానింగ్‌వాళ్లను, ఫైర్ ఆఫీసర్‌ను ఇల్లు చూడమని ముందే పిలవండి. గోడలు, బాత్రూమ్‌లు అన్నీ కట్టాక పిలిస్తే మళ్లీ పగలగొట్టాల్సి వస్తుంది.

మనిషికి ఎంత చోటు ఉండాలి? 2007 చట్టం కింద ఆశ్రమాల కోసం రాసిన నమూనా నియమాల్లో పడక గదిలో మనిషికి 7.5 చదరపు మీటర్లు, వంటిల్లు, భోజనాల హాలు, మందుల గది లాంటివి కలుపుకుంటే 12 చదరపు మీటర్లు అని ఉంది. వరండాలు, నడవలు లెక్కలోకి రావు. ఆ కొలత ప్రభుత్వ ఆశ్రమాల కోసమే అయినా మీరు దాన్నే పట్టుకోండి. పన్నెండు మందికి పడక గదులే దాదాపు 970 చదరపు అడుగులు, మొత్తం 1,550 అడుగులు కావాలి. ఇల్లు సరిపోకపోతే పన్నెండును ఎనిమిది చేయండి. మంచాలు దగ్గరికి జరపకండి. వీల్‌చెయిర్ తిరగని గదిలో రాత్రిపూట మనిషిని ఎత్తుకుని తీసుకెళ్లాల్సి వస్తుంది. అలా ఎత్తినప్పుడే నడుములు పోతాయి, మీవీ వాళ్లవీ.

ర్యాంప్ వాలు ఒకటికి పన్నెండు. మీ ఇంటి అరుగు అడుగున్నర ఎత్తుంటే ర్యాంప్ పద్దెనిమిది అడుగుల పొడవు రావాలి. చాలా చోట్ల మెట్ల మీద సిమెంట్ పోసి ర్యాంప్ అంటారు, అది జారుడుబండ. తలుపులు మూడడుగుల వెడల్పు ఉండాలి. అన్నిటికన్నా ముందు బాత్రూమ్ తలుపులు చూడండి. మా దగ్గర ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు తెల్లవారుజామున బాత్రూమ్‌లో పడ్డారు. తలుపు లోపలికి తెరుచుకునేది. ఆయన తలుపుకు అడ్డంగా పడి ఉన్నారు. తోస్తే ఆయన తుంటి మీదే పడుతోంది. లోపల్నించి "నెమ్మదిగా బాబూ, నెమ్మదిగా" అని ఆయనే మాకు ధైర్యం చెబుతున్నారు. బందులు ఊడదీసి తలుపు పక్కకు తీయడానికి నలభై నిమిషాలు పట్టింది. బాత్రూమ్ తలుపులన్నీ బయటికి తెరుచుకోవాలి, లోపలి గడియ బయటి నుంచి తీసేలా ఉండాలి. వడ్రంగికి ఒక్క రోజు పని.

మంచం దిగలేనివాళ్లు కింది అంతస్తులోనే ఉండాలి అంటారు, నేనూ అంటాను. కానీ మన ఊళ్లో ఇంకోటి కూడా చూడాలి. 2023 జులై వానలకు, 2025 అక్టోబరులో మొంథా తుఫానుకు హనుమకొండ, వరంగల్‌లలో ఎన్ని కాలనీలు మునిగాయో మీకు తెలుసు. ఇంటి చుట్టుపక్కలవాళ్లను అడిగి ఆ రెండుసార్లు నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో గోడ మీద గుర్తు పెట్టించుకోండి. నీళ్లు గడప దాటిన ఇల్లయితే ఈ పనికి ఆ ఇల్లు వద్దు, మామయ్యగారు అద్దె తీసుకోకపోయినా వద్దు.

వైద్యం విషయంలో మీరు నర్సు కాబట్టి మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే చేయగలిగిన పనులు చేసేయాలనిపిస్తుంది. తెలంగాణలో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం అమల్లో ఉంది. జబ్బుకు, గాయానికి చికిత్స లేదా సంరక్షణ ఇచ్చే సంస్థలన్నీ దాని కిందికి వస్తాయి. జిల్లా రిజిస్ట్రేషన్ అథారిటీకి కలెక్టర్ అధ్యక్షులు, జిల్లా వైద్యాధికారి, అంటే డీఎంహెచ్‌ఓ, కన్వీనర్. స్నానం చేయించడం, మందు గుర్తుచేసి ఇవ్వడం వరకే అయితే మీది హోమ్. సెలైన్ పెట్టడం, ఆక్సిజన్ మీద ఉంచడం, పక్షవాతం వచ్చినవాళ్లను ఆసుపత్రి నుంచి తెచ్చి కోలుకునేదాకా చూడటం మొదలుపెడితే ఆ చట్టం వైపు వెళ్లినట్టే. మీ నోటుపుస్తకం పట్టుకుని డీఎంహెచ్‌ఓ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. నర్సింగ్ కౌన్సిల్‌లో మీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయి ఉందో కూడా చూసుకోండి.

మందులు ఎవరివి వాళ్ల పేరు రాసిన డబ్బాలోనే ఉండాలి. హోల్‌సేల్‌లో తెచ్చి అందరికీ బిల్లు వేస్తే అది మందుల అమ్మకం, డ్రగ్ లైసెన్స్ లేకుండా చేయకూడదు. ఇన్సులిన్ సూదులు మామూలు చెత్తలో వేయకండి. బయోమెడికల్ వ్యర్థాల నియమాలు చిన్న చోట్లకూ వర్తిస్తాయి. సూదులకు గుచ్చుకోని తెల్ల డబ్బా పెట్టి, ఆసుపత్రుల వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం చేసుకోండి. వంటగదికి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కావాలి, లాభాపేక్ష లేకపోయినా సరే. పనివాళ్లు పది మంది అయితే ఈఎస్ఐ, ఇరవై అయితే పీఎఫ్. పది మంది ఉంటే ఆడవాళ్ల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ కూడా ఉండాలి. అందరికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించండి, మీ మేనకోడలికి కూడా.

చేర్చుకునేటప్పుడు సంతకం ఎవరిది? కొడుకుది కాదు. ముందు ఆ పెద్దమనిషిది. దసరాకు అమెరికా నుంచి వచ్చి, తిరుగు టికెట్‌కు రెండు రోజుల ముందు అమ్మను తీసుకొచ్చి "చేర్చుకోండి ఆంటీ" అనేవాళ్లు ఏటా ఉంటారు. వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. అయినా ఆ అమ్మను పక్కకు తీసుకెళ్లి, టీ ఇచ్చి, "ఇక్కడుండటం నీకు ఇష్టమేనా అవ్వా?" అని అడగనిదే కాగితం ముందు పెట్టను. ఒప్పందంలో నెల డబ్బు ఎంత, దేనికి, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారు, ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఎవరిని అడగాలి, ఎవరు కట్టాలి, వెళ్లిపోవాలనుకుంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఇవన్నీ తెలుగులో రాయండి. చదవలేనివాళ్లకు చదివి వినిపించి, వినిపించినట్టు సాక్షి సంతకం తీసుకోండి. ఇద్దరు బంధువుల ఆధార్ కాపీలు, ఫోన్ నంబర్లు తీసుకుని ఆ నంబర్లకు అక్కడే ఫోన్ చేసి చూడండి. దొంగ నంబర్ ఇచ్చి వదిలేసి వెళ్లినవాళ్లున్నారు. అలా వదిలేయడం 2007 చట్టం 24వ సెక్షన్ ప్రకారం నేరం, మూడు నెలల దాకా జైలు లేదా 5 వేల దాకా జరిమానా లేదా రెండూ. అలాంటిది జరిగితే పోలీస్ స్టేషన్‌లో రాసిచ్చి, వృద్ధుల సహాయం కోసం ఉన్న 14567 ఎల్డర్‌లైన్‌కు ఫోన్ చేయండి. నెల డబ్బులు ఆపేసిన పిల్లల మీద ఆ పెద్దవాళ్లే ఇదే చట్టం కింద ఆర్డీఓ దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. లాయర్ అక్కర్లేదు. ఆ చట్టం కింద ఇప్పించే భృతి నెలకు 10 వేలు మించదు.

ఇంకో మాట, గట్టిగా చెబుతున్నాను. ఎవరైనా ప్రేమతో "నా తర్వాత ఈ ప్లాటు నీకే రాస్తా బిడ్డా" అంటే తీసుకోకండి. చూసుకోవాలనే షరతుతో ఆస్తి రాయించుకుని చూసుకోకపోతే ఆ రాతను రద్దు చేసే అధికారం 2007 చట్టంలోని 23వ సెక్షన్ ఆ ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. అది పిల్లలకు మాత్రమే కాదు, రాయించుకున్న ఎవరికైనా వర్తిస్తుంది. చట్టం సంగతి అలా ఉంచి, ఒక్కరి దగ్గర తీసుకుంటే మిగతా పదకొండు మంది మీ చేతి అన్నం వేరేలా తింటారు. వాళ్ల పింఛన్ పాస్‌బుక్కులు, ఏటీఎం కార్డులు కూడా వాళ్ల దగ్గరే ఉండనివ్వండి.

మరణం గురించి ఎవరూ ముందు చెప్పరు. మా మొదటి మరణం రోజున మాకు ఏం చేయాలో తెలియలేదు. ఆసుపత్రిలో అయితే వాళ్లు చూసుకుంటారు. ఇలాంటి వసతి గృహాల్లో చనిపోతే నమోదు కోసం సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత నడిపేవాళ్లదే, 21 రోజుల్లోపు, కార్పొరేషన్‌లో గానీ పంచాయతీ కార్యదర్శికి గానీ. రోజూ చూసే డాక్టర్ ఉంటేనే మరణ కారణం సర్టిఫికెట్ దొరుకుతుంది, అందుకే ఆ డాక్టర్ సమ్మతి లేఖ అంత ముఖ్యం. పడి దెబ్బ తగిలి, ఆ తర్వాత చనిపోతే, అది పది రోజులకైనా సరే, పోలీసులకు చెప్పండి. పోస్టుమార్టం అంటారని, బంధువులు బాధపడతారని దాచకండి. దాచిన మరణం తర్వాత అనుమానంగా తిరిగొస్తుంది.

కేంద్రం గ్రాంటు గురించి కూడా అడిగారు. అటల్ వయో అభ్యుదయ్ యోజన కింద వృద్ధాశ్రమాలకు సాయం ఉంది, కానీ అది నిరుపేద వృద్ధులను ఉచితంగా చూసే, కనీసం 25 మందితో నడిచే సంస్థలకు. మీ లెక్కలో దాన్ని వేసుకోకండి. రేపు ఎవరైనా బిల్డర్ వచ్చి "కలిసి సీనియర్ ఫ్లాట్లు కట్టి అమ్ముదాం" అంటే అది పూర్తిగా వేరే దారి, ఐదు వందల చదరపు మీటర్లు గానీ ఎనిమిది ఫ్లాట్లు గానీ దాటితే రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి.

వరుస అడిగితే ఇలా చేయండి. ఈ వారం నోటుపుస్తకం రాయండి, ఇల్లు కొలవండి, వరద గుర్తు చూడండి. తర్వాత ఆడిటర్‌ను కలిసి సంస్థ రూపం తేల్చుకోండి. సంస్థ, పాన్ చేతికి వచ్చాక టౌన్ ప్లానింగ్, ఫైర్, ఆ వెంట డీఎంహెచ్‌ఓ, చివరగా పూర్తి ఫైల్‌తో డీడబ్ల్యూఓ. మాకు ఇదంతా కావడానికి ఐదు నెలలు పట్టింది. అప్పటిదాకా ఎవరి దగ్గరా అడ్వాన్స్ తీసుకోకండి. ఆ ఇద్దరి ఇంట్లోవాళ్లకు ఈ రోజే ఫోన్ చేసి సంగతి చెప్పండి, లేకపోతే వాళ్లు మీ మీదే ఆశ పెట్టుకుని వేరే ఏర్పాటు చూసుకోకుండా ఉంటారు.

ఇంటి కొలతలు తీశాక ఇక్కడే రాయండి, చూసి చెబుతాను. బాత్రూమ్ తలుపులు ఎటు తెరుచుకుంటున్నాయో, ఏ గదికైనా బయట గొళ్లెం ఉందో కూడా రాయండి.